చాపకూడు – 17: వారానికి వంద దణ్ణాలు

ఈ నెలలో నా ఇన్‌బాక్సుకి వచ్చినవాటిలో సగం ఒకటే గోడు. "మేడం, లింక్డ్‌ఇన్‌లో రిక్వెస్టులు పోవట్లేదు. ఈ వారానికి అయిపోయినయ్ అంటంది. ఏదైనా దారి ఉందా?" అడిగేవాళ్ళు నరసరావుపేట, మాచర్ల, గురజాల పిల్లలు. బీటెక్ ఆఖరి సంవత్సరం వాళ్ళు కొందరు. నిరుడు డిగ్రీ చేతికొచ్చి, హైదరాబాదులో నలుగురు కలిసి ఒక గదిలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు కొందరు. ఇది తెలుగు లెక్చరర్ని అడగాల్సిన ప్రశ్నేనా అని మీరు నవ్వచ్చు. మరి వాళ్ళకి అడగటానికి ఇంకెవరున్నారు? ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ వాళ్ళే.

దారి ఉంది. ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. కానీ అవి చెప్పేముందు ఈ హద్దు ఎవరికి తగులుతుందో, ఎవరికి అసలు తగలదో మాట్లాడుకోవాలి.

తెలియని మిత్రుల కోసం క్లుప్తంగా. లింక్డ్‌ఇన్ 2003లో మొదలైన సైటు. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొనేసింది. ఉద్యోగాలిచ్చేవాళ్ళు, ఉన్నవాళ్ళు, కావలసినవాళ్ళు అందరూ అక్కడే తిరుగుతుంటారు. ఒకరితో 'కనెక్ట్' కావాలంటే రిక్వెస్టు పంపాలి, అవతలివాళ్ళు ఒప్పుకోవాలి. వారానికి ఇన్నే పంపాలని ఒక హద్దు. ఆ అంకెను కంపెనీ బయటికి చెప్పదు. వాడేవాళ్ళ అనుభవంలో 2021 నుంచి సుమారు వంద. అది కూడా అందరికీ ఒకేలా ఉండదు. మనం పంపినవి అవతలివాళ్ళు తీసుకోకుండా వదిలేసినకొద్దీ, 'ఈ మనిషి నాకు తెలీదు' అన్నకొద్దీ మన మీద పట్టు బిగుస్తుంది. రిక్వెస్టుతో పాటు రెండు ముక్కలు రాసి పంపే వీలు డబ్బు కట్టని ఖాతాకి నెలకు కొన్నిసార్లే. పంపింది వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మూడు వారాల దాకా మళ్ళీ పంపలేం.

ఈ నియమం పెట్టినవాళ్ళ ఉద్దేశం చెడ్డదని నేననను. హద్దు లేకపోతే ఇన్సూరెన్సు వాళ్ళూ కోర్సులమ్మేవాళ్ళూ ఎవరినీ బతకనివ్వరు. నియమం సారాంశం ఒక్క మాట: తెలిసినవాళ్ళని అడుగు. సరే. తెలిసినవాళ్ళే లేనోడి సంగతేంటి?

ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరిని తీసుకోండి. ఒకడికి బాబాయి డల్లాస్‌లో, మేనత్త కొడుకు గచ్చిబౌలిలో. వాళ్ళ ఊరి నుంచి అమెరికా పోయినవాళ్ళందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. వాడు ఏడాది మొత్తంలో పాతిక రిక్వెస్టులు పంపితే ఎక్కువ. పంపిన రాత్రికే ఒప్పుకుంటారు. వారానికి వంద అనే హద్దు ఒకటుందని వాడికి తెలియను కూడా తెలియదు. రెండోవాడి అమ్మ మిరపకాయ కోతలకు పోతుంది. నాన్నది పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పని. వాడికి పుట్టుకతో వచ్చిన కనెక్షన్లు ఊళ్ళో పల్లెను దాటవు. కాబట్టి వాడు ముక్కూ మొహం తెలియని వందమందికి పంపుతాడు. నలుగురు ఒప్పుకుంటే గొప్ప. మిగతా తొంభై ఆరు అట్టా వేలాడుతుంటాయి. అవి వేలాడుతున్నందుకే వాడు అనుమానపు మనిషి అవుతాడు. "నూటయాభై పంపాను మేడం, ఒకాయన మెసేజ్ పెట్టాడు" అన్నాడొకడు. ఏమన్నాడ్రా అంటే, "ఆరువేలకి కోర్సు ఉంది, చేరమన్నాడు."

నియమం ఇద్దరికీ ఒకటే. దాని బరువు మాత్రం ఒకడి నెత్తినే పడుతుంది.

ఇంతలో డబ్బున్నవాళ్ళకి పక్క వాకిలి తెరిచే ఉంటుంది. ప్రీమియం కడితే కనెక్షన్ లేకపోయినా నేరుగా ఉత్తరం పంపవచ్చు, నోట్లు రాసుకోవచ్చు. తిరుమలలో మూడువందల టికెట్టు లాంటిదే. దేవుడు ఒక్కడే, క్యూలు రెండు.

ఇక ఈ హద్దును దాటిస్తామని చెప్పే బేరగాళ్ళు. అమీర్‌పేటలో రెజ్యూమె రాసిపెట్టే ఒకాయన మా పిల్లలకి "రోజుకి వందమందికి కొట్టండి" అని నూరిపోశాడు. బ్రౌజర్లో తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్ కూడా అంటగట్టాడు. మనం నిద్రపోతుంటే అదే రిక్వెస్టులు పంపుతూ పోతుందట. ఆ మరసాధనాలు సైటు ఒప్పందానికి విరుద్ధం. మా పిల్లాడొకడి ఖాతాకి మూడోరోజే తాళం పడింది. గుర్తింపు కార్డు పెట్టి తెరిపించుకునేసరికి పది రోజులు. ఆ పది రోజుల్లోనే ఒక కంపెనీ వాళ్ళు ప్రొఫైల్ లింకు అడిగారు. ఇంకో ఖాతా తెరుస్తామనేవాళ్ళూ ఉన్నారు. ఒద్దు. ఉన్న ఒక్క పేరునీ పాడుచేసుకోకండి. మన పిల్లల ఖాతా పోతే కంపెనీలో తెలిసినాయనతో చెప్పించి తెరిపించుకునే సౌకర్యం కూడా మనకి లేదు.

ఈ పరిచయాల సంగతి చిన్నదేం కాదు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక మాట తేల్చాడు: ఉద్యోగాల కబురు ఎక్కువగా దగ్గరి స్నేహితుల నుంచి కాదు, ఎప్పుడో ఒకసారి కలిసే కొద్దిపాటి పరిచయస్తుల నుంచి వస్తుంది. దగ్గరివాళ్ళకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది కదా. 2022లో 'సైన్స్' పత్రికలో ఇదే విషయం మీద ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో సుమారు రెండు కోట్లమంది మీద ఐదేళ్ళపాటు ప్రయోగాలు చేశారు. 'మీకు తెలిసి ఉండొచ్చు' అంటూ ఆ సైటు చూపించే మనుషుల్ని మార్చి చూశారు. మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే ఉద్యోగం మారటానికి ఎక్కువ పనికొచ్చాయని తేలింది. అంటే ఎవరి మొహం మన తెరమీద కనబడుతుందన్నది రేపు మన అన్నం సంగతి. మా పిల్లల తెరమీద కనబడేదెవరు? తోటి నిరుద్యోగులు. వాళ్ళకి ఉన్న కనెక్షన్లు వాళ్ళే కాబట్టి.

పోనీ పరిచయం అక్కర్లేదు, అప్లికేషన్ పెట్టి ప్రతిభ చూపించుకుంటే చాలదా అనేవాళ్ళకి 2007 నాటి ఒక అధ్యయనం గుర్తుచేస్తాను. సుఖదేవ్ థోరట్, పాల్ ఎటివెల్ పేపర్ ప్రకటనల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగాలకి ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, మాకు మెరిట్టే ముఖ్యం అంటూనే ఇంటర్వ్యూలో 'కుటుంబ నేపథ్యం' అడుగుతామన్నారు వాళ్ళు. మా అమ్మ మిరపకాయలు కోస్తుంది సార్ అంటే ఆ నేపథ్యానికి ఎన్ని మార్కులు పడతాయో మీకు తెలుసు.

మరి ఈ గోడని మనవాళ్ళు ఎప్పుడైనా దాటారా? బాబాసాహెబ్ జీవితాన్ని ఈ వైపు నుంచి ఒకసారి చూడండి. 1907లో భీమ్‌రావ్ మెట్రిక్ పాసైనప్పుడు, కృష్ణాజీ కేళూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్రని చేతిలో పెట్టాడు. చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌కి ఆ కుర్రాడి గురించి చెప్పిందీ ఆయనే. ఆ స్కాలర్‌షిప్పు దారే 1913లో కొలంబియా దాకా తీసుకెళ్ళింది. అక్కడ గురువు ఎడ్విన్ సెలిగ్మన్. 1916లో అంబేడ్కర్ లండన్ వెళ్తుంటే సెలిగ్మన్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లోని హెర్బర్ట్ ఫాక్స్‌వెల్‌కి పరిచయం చేస్తూ ఉత్తరం రాశాడు. ఇప్పటి భాషలో చెప్తే రిక్వెస్టుతో పాటు నోట్. అది కూడా మూడో మనిషి రాసిన నోట్. అంతటి మేధావికి ఈ ఉత్తరాలెందుకు? ప్రతిభ ఎంత ఉన్నా తలుపు దానంతటదే తెరుచుకోదు కాబట్టి. లోపలున్నవాడెవడో ఒకడు గడియ తీయాలి. అలాగని ఉత్తరమే సర్వస్వం కాదు. ఇన్ని చదువులూ చదివి 1917లో బరోడా కొలువులో చేరితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు.

మా జిల్లా కవి జాషువా ఇంకో పద్ధతి చూపించాడు. 1895లో వినుకొండలో పుట్టినాయన 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు విరహంతో మేఘాన్ని పంపాడు. జాషువా నాయకుడు ఆకలితో, అవమానంతో గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? గుళ్ళోకి తనని రానివ్వరు. దాన్ని పూజారి ఆపలేడు. అది గర్భగుడి దాకా పోయి చెవిలో చెప్పగలదు. ఏటా ఈ కావ్యం పాఠం చెప్పేటప్పుడు అలంకారాల దగ్గరే ఆగిపోయే సిలబస్ మీద నాకు చాలా కోపం. ఎక్కడికి ఎవరికి ప్రవేశం ఉందో లెక్కగట్టి వార్తాహరుణ్ణి ఎంచుకున్న కవి ఆయన. అది అలంకారం కాదు, వ్యూహం.

ఇప్పుడు పిల్లలడిగిన దారుల సంగతి.

మొదటిది, తిండి దండగ రిక్వెస్టులు ఆపండి. వేలాడుతున్న పాతవి వెనక్కి తీసుకోండి. పెద్ద పెద్ద కంపెనీ అధిపతులకి రిక్వెస్టు ఎందుకు? 'ఫాలో' నొక్కితే వాళ్ళు రాసేది కనబడుతుంది, మన వారపు లెక్కలో అది పడదు. ఎవరైనా మన పనికి సంబంధించిన సంగతి రాస్తే కింద బుద్ధిగా ఒక మాట రాయండి. 'సూపర్ సర్' కాదు. మనకి తెలిసిన ముక్క, లేదా తెలియని ముక్క. అలా రెండు మూడుసార్లు పేరు కనబడ్డాక రిక్వెస్టు పోతే అది తెలియని మనిషిది కాదు.

రెండోది భాష. ఇక్కడ నేను నా వృత్తి మాట చెప్పక తప్పదు. మా పిల్లలు పంపే నోట్లు చూశాను. 'గౌరవనీయులైన సర్ గారికి, నేను పేద విద్యార్థిని, దయచేసి ఒక ఉద్యోగం ఇప్పించగలరు.' ఇంగ్లీషులో రాసినా లోపలున్నది ఈ వాక్యమే. మా తాత ఆసాముల వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడిన భాష ఇది. చొక్కా మారింది, ఫోను వచ్చింది, వాక్యం మారలేదు. వారానికి వంద రిక్వెస్టులంటే ఈ లెక్కన వారానికి వంద దణ్ణాలు. అవతలివాడికి దయ పుడితే పుడుతుంది, గౌరవం మాత్రం పుట్టదు. దానికి బదులు ఇట్టా రాయమన్నాను: 'అన్నా, మీరు చదివిన స్కూల్లోనే నేనూ చదివాను. ఇప్పుడు బీటెక్ ఆఖరి సంవత్సరం. మీరు చేసే టెస్టింగ్ పనికి ముందు ఏం నేర్చుకోవాలి?' ఎవరో చెప్పాం, ఎందుకు ఆయన్నే అడుగుతున్నామో చెప్పాం, జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఒకటి అడిగాం. ఉద్యోగం అడగలేదు. నెలకి నాలుగైదు నోట్లే ఉన్నప్పుడు ఒక్కోదానికి ఒక సాయంత్రం పెట్టినా నష్టం లేదు. ఆడపిల్లలకి ఇంకో మాట. ఉద్యోగం గురించి అడిగితే ఫొటో బాగుందనేవాడు, పెళ్ళయిందా అనేవాడు తగులుతాడు. జవాబివ్వకండి, రిపోర్టు కొట్టండి, స్క్రీన్‌షాట్ దాచుకోండి. వాడికి మర్యాద బాకీ ఏం లేదు మనం.

మూడోది, స్కూలు పేజీ. లింక్డ్‌ఇన్‌లో ప్రతి విద్యాసంస్థ పేజీలో పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. అక్కడ చదివినవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ కంపెనీలో ఉన్నారో వడగట్టి చూడొచ్చు. ఇది చెప్పగానే గురజాల వైపు అమ్మాయి ఒకతె అడిగింది. "మేడం, అంబేడ్కర్ గురుకులం అని రాస్తే కులం తెలిసిపోతది కదా. తీసేశాను. ఇంటర్ నుంచే పెట్టాను."

చాలాసేపు ఆలోచించాను ఈ మాట మీద. తెలుగువాళ్ళలో పేరు చివర తోక పెట్టుకునేవాళ్ళకి అది గర్వం. మనకి బడి పేరే తోక. దాచుకున్న పిల్లని నేను తప్పుపట్టను. పైన చెప్పిన అధ్యయనాలు చూశాక ఎవరూ తప్పుపట్టలేరు. కానీ లెక్క రెండు వైపులా వెయ్యాలి. గురుకులం పేరు తీసేస్తే వివక్ష చూపేవాడికి ఒక ఆధారం తగ్గుతుంది, నిజమే. ఇంటర్వ్యూలో 'కుటుంబ నేపథ్యం' అడిగేవాడు ఎట్టాగూ అడుగుతాడు. అదే చేత్తో బెంగళూరులో, పూణేలో కూర్చున్న మన గురుకులం అన్నకి, అక్కకి మనం కనబడకుండా పోతాం. మనల్ని వెతికే కొద్దిమందికే మనం అడ్రసు దాచినట్టు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అప్పటి ఉమ్మడి రాష్ట్రపు సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ఆ బడి పేరు అంత ఎత్తున ఒకసారి వినబడింది. నా ఓటు రాయటానికే. అయితే రాసినవాళ్ళు ఒంటరిగా ఉండకుండా చూడాల్సింది ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు.

ఈ వ్యాసంలో అసలు మాట వాళ్ళతోనే. అన్నలూ, అక్కలూ, ఒక చిన్న సాంకేతిక సంగతి చెప్తాను. ఈ హద్దు పంపేవాడికే. తీసుకునేవాడికి కాదు. ఎవరైనా మనకి పంపిన రిక్వెస్టుని మనం ఒప్పుకుంటే మన వారపు లెక్కలో ఒక్కటీ తగ్గదు. అంటే పిల్లలు మీకు పంపటం కాదు, మీరే పిల్లలకి పంపితే వాళ్ళకి అసలు హద్దే ఉండదు. ఒప్పుకోలేదనే మచ్చ పడదు. మీ చేతిలో వారానికి వంద ఉన్నాయి. ఎన్ని వాడుతున్నారు?

భయముందని తెలుసు. మన పిల్లలతో కనెక్ట్ అయితే ఆఫీసులో మన సంగతి తెలుస్తుందేమోనని. ఉత్తుత్తి భయం కాదది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో మీద వేసిన దావాలో ఉన్న ఆరోపణ ఇదే. ఒక దళిత ఇంజనీరు కులం సంగతిని అతనితో పాటు ఐఐటీలో చదివినాయనే ఆఫీసులో బయటపెట్టాడని. అమెరికాలోనే అట్టా ఉంటే హైటెక్ సిటీ సంగతి చెప్పేదేముంది. అందుకే ఇంకో వివరం. మీ కనెక్షన్ల జాబితా ఇతరులకి కనబడకుండా సెట్టింగుల్లో మూసుకోవచ్చు. ఉమ్మడి పరిచయస్తులు మాత్రం కనబడతారు. మీకు ఎంత రక్షణ కావాలో అంత ఉంచుకునే చెయ్యి చాపండి. ఏప్రిల్ 14న ప్రొఫైల్ ఫొటో నీలం చేసి, మిగతా ఏడాదంతా వచ్చిన రిక్వెస్టుల పేజీ తెరవని మీ అలవాటుకి మాత్రం నా దగ్గర సానుభూతి లేదు.

మనకి పరిచయాలు లేవనే మాట కూడా పూర్తి నిజం కాదు. మనం వాటిని పరిచయాలుగా లెక్కపెట్టటం లేదు. హాస్టల్లో పక్క మంచం. అంబేడ్కర్ జయంతికి చందా పంపే దుబాయ్ అన్న. చర్చిలో పాస్టరు గారి అల్లుడు చెన్నైలో ఏదో కంపెనీ. (అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరొచ్చి, ఆ తర్వాత గురజాలలో కాపురమున్నాడు. మా పల్లెలకి అమెరికా కనెక్షన్ సాఫ్ట్‌వేర్ కంటే నూటయాభై ఏళ్ళు ముందుది, వాడుకోవటమే రాలేదు.) గ్రానొవెటర్ చెప్పిన కొద్దిపాటి పరిచయాలంటే ఇవే. ఇవన్నీ ఒకచోట రాసి పెట్టుకున్నవాళ్ళు లేరు, అంతే.

అందుకే ఒక పని మొదలుపెట్టాం. నరసరావుపేటలో ఆదివారం సాయంత్రాలు పదిమంది పిల్లలం కూర్చుని, ఒక పాత అటెండెన్స్ రిజిస్టర్లో రాస్తున్నాం. ఎవరు, ఏ బడి, ఇప్పుడెక్కడ, ఏం పని. వాళ్ళ అనుమతి తీసుకునే. జయంతి సభలో పిల్లలందరి ప్రొఫైల్ క్యూఆర్ కోడ్లు ఒక చార్టు మీద అతికించి గేటు దగ్గర పెడతాం. భోజనాల వరుసలో నిలబడ్డప్పుడు ఫోను తీసి స్కాన్ చేసి మీరే రిక్వెస్టు పంపండి. రాలేనివాళ్ళు నాకు రాయండి, చార్టు ఫొటో పంపుతాను. వంద అక్కర్లేదు. వారానికి ఐదుగురు పిల్లలు. వాళ్ళడిగిన ఒక్క ప్రశ్నకి ఒక్క జవాబు.

జై భీమ్.